క్లాస్ లీడరైన మా అబ్బాయి స్నేహితుడి పేరు బోర్డు మీద రాయలేదు. క్షమాపణ పత్రం రాయించాలా?

ప్రశ్న: అనంతపురం నుంచి ఒక తల్లి

మా అబ్బాయి ఇక్కడ ఒక ప్రైవేటు పాఠశాలలో ఆరవ తరగతి చదువుతున్నాడు. బడి తెరిచిన కొత్తలో తరగతి టీచరు వాణ్ణి క్లాస్ లీడరుగా నియమించి, చొక్కాకు పెట్టుకొనే బ్యాడ్జి ఇచ్చారు. లీడరు చేయవలసిన పనులలో ముఖ్యమైనది మనలో చాలామందికి తెలిసినదే. ఒక పీరియడు ముగిసి మరొకటి మొదలయ్యే లోపు టీచరు లేని సమయంలో సుద్దముక్క పట్టుకొని బోర్డు దగ్గర నిలబడాలి. కుడివైపు మూలన 'మాట్లాడినవారు' అని రాసి, కింద గీత గీసి, నోరు విప్పిన ప్రతివారి పేరూ అక్కడ ఎక్కించాలి. పేరు ఎక్కిన తరువాత కూడా మాట్లాడితే పక్కన ఒక ఇంటూ గుర్తు పెట్టాలి. తరువాతి పీరియడుకు వచ్చిన టీచరు ఆ గుర్తులు లెక్కపెట్టి, ఒక్కొక్క దానికి అరచేతి మీద ఒక స్కేలు దెబ్బ వేస్తారు.

మా వాడికి రెండవ తరగతి నుంచీ ఒక ప్రాణస్నేహితుడు ఉన్నాడు. ఆ అబ్బాయి తరగతిలో అందరికన్నా పొడగరి కాబట్టి, ఎత్తును బట్టి కూర్చోబెట్టే ఆ బడి పద్ధతిలో చివరి బెంచీ వాడిది. పక్కవాళ్ళతో తరచుగా గుసగుసలాడుతూనే ఉంటాడట. మా వాడు మిగిలిన అందరి పేర్లూ రాశాడు, వాడి పేరు మాత్రం ఒక్కసారి కూడా రాయలేదు. దెబ్బలు తిన్న పిల్లలలో ఒకరు పోయిన వారం లేచి ఈ సంగతి టీచరుకు చెప్పారు. టీచరు నిలదీస్తే మా వాడు 'నాకు వినపడలేదు టీచర్' అన్నాడట. ఇంకో ఇద్దరు ముగ్గురు సాక్ష్యం చెప్పేసరికి బ్యాడ్జి తీసివేసి, ఆ పూటంతా తరగతి బయట మోకాళ్ళ మీద నిలబెట్టి, డైరీలో 'నమ్మదగినవాడు కాదు' అని ఎర్ర సిరాతో రాసి పంపారు. ఇప్పుడు ప్రిన్సిపాలు గారు సోమవారంలోగా క్షమాపణ పత్రం తెమ్మంటున్నారు. ఆ స్నేహితుడు ఏయే రోజులలో మాట్లాడాడో, తాను ఆ పేరు ఎందుకు దాచాడో అందులో వివరంగా ఉండాలి. కింద తండ్రి సంతకం ఉండాలి.

మా మామగారు పోలీసు శాఖలో పనిచేసి పదవీ విరమణ చేసినవారు. 'నా అనుకున్నవాడిని వదిలేయడం ఇక్కడే మొదలవుతుంది, రేపు కుర్చీలో కూర్చున్నాక కూడా ఇదే చేస్తాడు' అని ఆయన కోపం. అప్పగించిన పని సరిగా చేయనివాడు ఎందుకు పనికివస్తాడని మా వారి బాధ. ఆ మాటలు కటువుగా ఉన్నా, వాటిలో ఏమీ లేదని నేను అనలేకపోతున్నాను. మా వాడు మాత్రం, 'నేను తప్పు చేశానని ఎన్నిసార్లు రాయమంటే అన్నిసార్లు రాస్తాను, వాడి పేరు మాత్రం రాయను' అని భీష్మించుకొని కూర్చున్నాడు. అన్నం దగ్గర నేను మెల్లగా కదిపితే, 'బోర్డు మీద పేరు రాస్తే వాడిని కొట్టేది నేనే కదమ్మా, స్కేలు టీచరుదైనా' అన్నాడు. నాకు వెంటనే సమాధానం తోచలేదు.

పత్రం రాయించమంటారా? రాయించకపోతే వాడికి ఏమని చెప్పాలి? ఉపాధ్యాయులు, పిల్లల గురించి తెలిసినవారు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

జవాబు: వరంగల్ నుంచి ఒక ఉపాధ్యాయిని

అమ్మా, ముందుగా ఆ టీచరు పక్షాన ఒక మాట చెప్పనివ్వండి, ఎందుకంటే ఇటువంటి చర్చలలో ఆ పక్షం ఎవరూ తీసుకోరు. యాభై మంది పిల్లలున్న గదిని ఐదు నిమిషాలు వదిలి వెళ్ళడమంటే ఏమిటో ఆ పని చేసినవారికే తెలుస్తుంది. పక్క గదిలో పాఠం చెబుతున్నవారు గోడకు అవతలి నుంచి విసుక్కుంటారు, హెడ్మాస్టరు గారు వరండాలో నడుచుకుంటూ వచ్చి ఏ గదిలో గోల ఉంటే ఆ గది టీచరు పేరు గుర్తు పెట్టుకుంటారు. పిల్లల పేర్లు బోర్డు మీదికి ఎక్కడానికి ముందే టీచరు పేరు ఇంకెక్కడో ఎక్కుతూ ఉంటుంది. ఆ భయం పై నుంచి కిందికి దిగి దిగి, చివరకు పదకొండేళ్ళ పిల్లవాడి చేతిలో సుద్దముక్కగా మారుతుంది.

అయినా ఆ పని పిల్లవాడిది కాదు. నా తరగతిలోనూ లీడర్లు ఉన్నారు. నోటుపుస్తకాలు పోగుచేసి తేవడం, మధ్యాహ్న భోజనానికి ఎందరున్నారో లెక్క చెప్పడం, ఎవరికైనా ఒంట్లో బాగుండకపోతే పరుగెత్తుకొచ్చి నాకు చెప్పడం వారి పని. పేర్లు రాసే పని నేను ఎవరికీ ఇవ్వను. ఇస్తే జరిగేవి రెండే: రాసేవాడికి స్నేహితులైనా ఉండరు, లేదా స్నేహితులున్నవాడు నిజాయితీగా రాయడు. మీ అబ్బాయి రెండో రకం. పెద్దలు మెచ్చుకొనేది మొదటి రకం.

పత్రం సంగతికి వస్తే, అందులో రెండు వేర్వేరు విషయాలు కలగలిపారు. 'వినపడలేదు' అని చెప్పింది అబద్ధం. దానికి క్షమాపణ చెప్పించండి, అందులో తప్పులేదు, మీరు రాసినదాన్ని బట్టి వాడూ కాదనడం లేదు. స్నేహితుడు ఏయే రోజులలో మాట్లాడాడో జాబితా రాయమనడం మాత్రం క్షమాపణ కిందికి రాదు. అది ఇంకొక పిల్లవాడి మీద సాక్ష్యం సేకరించడం. మొదటిది రాయించండి, రెండవది వద్దు.

ఇంకొకటి. తరగతి బయట పూటంతా మోకాళ్ళ మీద నిలబెట్టడం చట్టం ఒప్పుకొనే పని కాదు. 2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షను శారీరక దండననూ మానసిక వేధింపునూ రెంటినీ నిషేధిస్తుంది, అది ప్రైవేటు పాఠశాలలకూ వర్తిస్తుంది. మీరు గొడవకు వెళ్ళాలని చెప్పడం లేదు. మీ మామగారు చట్టం తెలిసినవారు కాబట్టి ఆయనకు ఈ సంగతి చెప్పి చూడండి.

జవాబు: పదవీ విరమణ చేసిన ప్రధానోపాధ్యాయుడు, హిందూపురం

చట్టం గురించి పై సోదరి చెప్పినదానికి ఒకటి కలుపుతాను. విద్యాహక్కు చట్టం రాకముందే, 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విద్యా నియమావళిలోని 122వ నియమాన్ని సవరించి బడులలో దండనను నిషేధించింది. అంటే స్కేలు ఎత్తడం మన ప్రాంతంలో రెండు దశాబ్దాలకు పైగా నియమవిరుద్ధంగా సాగుతున్న పని. ఆ ఉత్తర్వు వచ్చిన రోజులలో ఉపాధ్యాయుల గదిలో వినిపించిన మాట ఒక్కటే: 'ఇక పిల్లలు మన మాట వింటారా?' విన్నారు. వినని పిల్లలు బెత్తం ఉన్నప్పుడూ వినలేదు.

అయితే నేను చెప్పదలచినది ఈ లీడరు పద్ధతి ఎక్కడి నుంచి వచ్చిందన్నది. దీన్ని చాలామంది ఇంగ్లీషు వాళ్ళు తెచ్చిపెట్టిన సంగతి అనుకుంటారు. నిజానికి ఇది మన అరుగుల మీది నుంచి అక్కడికి వెళ్ళి, రంగు మార్చుకొని తిరిగి వచ్చింది. ఆండ్రూ బెల్ అనే మతాచార్యుడు 1789లో మద్రాసులోని సైనికుల అనాథ బాలుర ఆశ్రమానికి పర్యవేక్షకుడుగా చేరాడు. అక్కడి వీధిబడిలో పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం చూసి, తన ఆశ్రమంలో పెద్ద పిల్లల చేత చిన్నవాళ్ళకు చెప్పించే ఏర్పాటు చేశాడు. ఆ అనుభవాన్ని 1797లో లండనులో పుస్తకంగా అచ్చువేశాడు. 'మద్రాసు పద్ధతి' అన్న పేరుతో అది ఇంగ్లండు బడులలో పాకిపోయింది. అదే కాలంలో జోసెఫ్ లాంకాస్టర్ అనే ఆయన లండనులో ఇటువంటి బడే నడిపి, వందలాది పిల్లలను మానిటర్ల చేతికి అప్పగించాడు. ఆయన బెత్తాన్ని వద్దన్నాడు గానీ, దాని బదులు తప్పుచేసిన పిల్లలను బుట్టలో కూర్చోబెట్టి పైకప్పుకు వేలాడదీసే శిక్షను కనిపెట్టాడు. దెబ్బ తగ్గింది, అవమానం పెరిగింది.

మన ప్రాంతం సంగతే చూడండి. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో దేశీయ పాఠశాలల వివరాలు అడిగితే, బళ్ళారి కలెక్టరు క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో నివేదిక పంపాడు. అప్పటి బళ్ళారి జిల్లాలో నేటి అనంతపురం ప్రాంతం కూడా ఉండేది. అనంతపురం వేరు జిల్లా అయినది 1882లో. ఆ జిల్లాలో 533 బడులుంటే వాటిలో 226 తెలుగు బడులని ఆయన లెక్క చెప్పాడు. పొద్దున అందరికన్నా ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారట. రెండవవాడి చేతిలో సున్న చుట్టేవారు, అంటే మెప్పూ లేదు, తిట్టూ లేదు. మూడవవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగవవాడికి రెండు, ఆ తరువాత వచ్చినకొద్దీ ఒక్కొక్కటి ఎక్కువ. చదవనివాడిని రెండు చేతులూ కట్టి దూలానికి వేలాడదీసేవారు, మన పెద్దలు కోదండం అన్నది దీనినే. గుంజిళ్ళ గురించి రాస్తూ అది బాధాకరమే గాని బహుశా ఆరోగ్యానికి మంచిదేమోనని కూడా ఆ దొర వ్యాఖ్యానించాడు.

ఇంత కఠినమైన బడిలో కూడా నేను గమనించిన తేడా ఒకటి ఉంది. ఆ నివేదికలో పెద్ద పిల్లవాడు చిన్నవాళ్ళకు చదువు చెప్పేవాడుగా కనిపిస్తాడు, చెప్పడంలో తన చదువూ గట్టిపడుతుందని కలెక్టరు మెచ్చుకున్నాడు. మన నేటి లీడరు చేతిలో ఆ చదువు చెప్పే పని లేదు, కాపలా పని మాత్రమే మిగిలింది. మీ వాడిని ఆ చివరి బెంచీ స్నేహితుడికి లెక్కలు చెప్పమని అడిగి ఉంటే నిద్రాహారాలు మాని చెప్పి ఉండేవాడు.

మీ మామగారికి ప్రహ్లాదుడి కథ గుర్తుచేయండి. చండామార్కులు ఇంటిపనుల మీద బయటకు వెళ్ళినప్పుడల్లా ప్రహ్లాదుడు తోటి దైత్యబాలకులను కూర్చోబెట్టుకొని రాజు నిషేధించిన మాటలే వారికి చెప్పేవాడు. అంత కఠినుడైన హిరణ్యకశిపుడి రాజ్యంలో, ఆ పిల్లలలో ఒక్కడైనా వెళ్ళి పితూరీ చెప్పినట్లు భాగవతంలో లేదు. భయపడి రాజు దగ్గరకు పరుగెత్తినవారు గురువులే.

జవాబు: నంద్యాల నుంచి ఒక తండ్రి

అందరూ లీడరు గురించే మాట్లాడుతున్నారు. నేను బోర్డు మీద పేరు ఎక్కిన పిల్ల తండ్రిని. వేరే ఊరు, వేరే బడి, కథ మాత్రం ఇదే. మా అమ్మాయి ఐదవ తరగతిలో ఉండగా వారి లీడరు తన జట్టు పిల్లల పేర్లు వదిలి మిగిలినవారివి రాసేది. పక్కమ్మాయిని రబ్బరు అడిగినందుకు మా పిల్ల పేరు పక్కన మూడు ఇంటూలు పడ్డాయి. ఇంటికి వచ్చి చేయి చూపించలేదు, కంచం ఎడమ చేత్తో పట్టుకొని చెంచాతో తింటుంటే అడిగి తెలుసుకున్నాము. దెబ్బల నొప్పి మరుసటి రోజుకు పోయింది. 'అది తన వాళ్ళను రాయదు నాన్నా' అన్న మాట మాత్రం ఆ సంవత్సరమంతా చెబుతూనే ఉండింది.

అందువల్ల పెద్దాయన చెప్పిన చరిత్ర బాగున్నా, ఈ పిల్లవాడిని ప్రహ్లాదుడి వరుసలో నిలబెట్టడం నాకు సమ్మతం కాదు. సుద్దముక్క పట్టుకోనని మొదటి రోజే చెప్పి ఉంటే అది వేరు. పట్టుకున్నాడు, నలభై మందిని రాశాడు, ఒక్కడిని వదిలాడు. రాస్తే కొట్టేది నేనే అన్న జ్ఞానం ఆ నలభై మంది విషయంలో ఎందుకు కలగలేదు? స్నేహితుడి కోసం తాను దెబ్బ తినడం గొప్ప విషయమే కావచ్చు, ఆ లెక్కలో ఇతరులు తిన్న దెబ్బలు ఎవరు రాస్తారు? తాతగారి మాటలో కాఠిన్యం తీసివేస్తే మిగిలే విషయం ఇదే. ఆయనను మరీ తక్కువగా చూడకండి.

స్నేహితుడి పేరు కాగితం మీద పెట్టమని నేనూ అనను. ఆ మిగిలిన పిల్లలకు మాత్రం మీ అబ్బాయి క్షమాపణ బాకీ ఉన్నాడు, ప్రిన్సిపాలు గారికన్నా ముందు.

ప్రశ్న అడిగిన తల్లి

అందరికీ కృతజ్ఞతలు. నంద్యాల నుంచి రాసిన సోదరుడి మాటలు చదివి వినిపించాను. మా వాడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, 'మొదట్లో అందరినీ రాయడం నాకు ఇష్టంగానే ఉండేది' అన్నాడు. బ్యాడ్జి పెట్టుకొని బోర్డు దగ్గర నిలబడితే గది అంతా తనవైపు చూస్తుందట.

మామగారు పడుకున్న తరువాత వాడు ఇంకొక సంగతి చెప్పాడు. పేర్లు ఎవరివీ రాయకూడదన్న షరతు మీద, వాడి అనుమతితోనే ఇక్కడ రాస్తున్నాను. ఆ స్నేహితుడు గుసగుసలాడేది కబుర్లు కాదట. చివరి బెంచీ నుంచి వాడికి బోర్డు మీది అక్షరాలు కనిపించవు. టీచరు వెళ్ళిపోయి, బోర్డు తుడిచేలోగా పక్కవాడిని అడిగి రాసుకుంటాడు. 'అక్కడ ఏడా, ఒకటా?', 'కింది వరుసలో ఏముంది?' ఇవే మాటలు. మా వాడికి పోయిన సంవత్సరం నుంచే తెలుసు. ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నంత కాలం మా వాడే చూసి చెప్పేవాడు. ఈ సంవత్సరం ఆ అబ్బాయి ఒక్కసారిగా ఎత్తు పెరిగి వెనక్కు వెళ్ళడంతో వాడికి కొత్త పక్కవాళ్ళను అడగవలసి వచ్చింది.

టీచరుకు ఎందుకు చెప్పలేదంటే, టీచరుకు చెబితే డైరీలో రాస్తారు, డైరీ వాళ్ళ నాన్న చూస్తాడు, 'ఫోను చూసి చూసి కళ్ళు పోగొట్టుకున్నావు' అని కొడతాడు. ఆపైన కళ్ళద్దాలు వస్తే తరగతిలో సోడాబుడ్డి అని పేరు పెడతారు. పైగా ఫోను చూసేది మా ఇంట్లోనే అని తెలిస్తే మా ఇంటికి ఆడుకోవడానికి రానివ్వరు. ఎవరికీ చెప్పనని మా వాడి చేత సరస్వతీదేవి పటం మీద ఒట్టు వేయించుకున్నాడట.

ఇప్పుడు నాకు రెండు చిక్కులు. పత్రం ఒకటి, ఆ పిల్లవాడి కళ్ళు ఒకటి. నేను వాళ్ళ అమ్మకు ఫోను చేస్తే నా కొడుకు ఒట్టు తప్పినవాడవుతాడు. చేయకపోతే ఆ పిల్లవాడు సంవత్సరమంతా ఇలాగే నెట్టుకొస్తాడు.

జవాబు: ఉపాధ్యాయ శిక్షణ కళాశాల అధ్యాపకుడు, గుంటూరు

మీ అబ్బాయి వయస్సు గురించి ఒక పరిశోధన ఉంది, అది ఈ సందర్భానికి అతికినట్లు సరిపోతుంది. స్విట్జర్లాండు మనస్తత్వవేత్త జాఁ పియాజే 1932లో పిల్లల నైతిక నిర్ణయాల గురించి ప్రచురించిన అధ్యయనంలో పిల్లలకు ఒక చిన్న కథ చెప్పి అభిప్రాయం అడిగాడు. ఒక తండ్రికి ఇద్దరు కొడుకులు. ఒకడు మాట వినేవాడు, రెండవవాడు మంచివాడే గానీ తుంటరి. తండ్రి ప్రయాణమైపోతూ మొదటివాడితో, 'తమ్ముడు ఏమి చేస్తాడో కనిపెట్టి చూడు, వచ్చాక నాకు చెప్పాలి' అంటాడు. తమ్ముడు ఏదో వెర్రిపని చేస్తాడు. తండ్రి తిరిగి వచ్చి అడుగుతాడు. అన్న ఏమి చేయాలి? ఆరేడేళ్ళ పిల్లలలో చాలా ఎక్కువమంది, నాన్న అడిగాడు కాబట్టి అంతా చెప్పాలన్నారు. ఎనిమిదేళ్ళు దాటినవారిలో ఎక్కువమంది చెప్పకూడదన్నారు, కొందరైతే సోదరుడిని పట్టించడం కంటే అబద్ధమాడటమే నయమన్నారు.

పియాజే దీన్ని చెడిపోవడంగా చూడలేదు. చిన్న వయస్సులో మంచి అంటే పెద్దలు చెప్పినది. పెరిగేకొద్దీ తోటివారి మధ్య పరస్పర గౌరవం నుంచి ఇంకొక న్యాయం పుడుతుంది, అది పెద్దల ఆజ్ఞతో ఢీకొంటుంది. ఆ ఘర్షణ లేకుండా పెరిగిన పిల్లవాడు విధేయుడవుతాడే తప్ప న్యాయం తెలిసినవాడు కాడు. నంద్యాల సోదరుడు అడిగిన ప్రశ్న ఆ దారిలో తరువాతి మెట్టు: నా స్నేహితుడికి ఇచ్చినది అందరికీ ఎందుకు ఇవ్వలేదు? పదకొండేళ్ళకు ఆ ప్రశ్న దగ్గరకు రావడం ఆలస్యమేమీ కాదు. 'మొదట్లో ఇష్టంగానే ఉండేది' అన్న మాటతో వాడు అక్కడికి వచ్చేశాడనే నా అభిప్రాయం.

ఒట్టు సంగతి. పిల్లలకు మేము నేర్పమని చెప్పే తేడా ఒకటి ఉంది. ఎవరినైనా దెబ్బలు తినిపించడానికి పెద్దల దగ్గరకు వెళ్ళడం చాడీ. ఎవరినైనా కష్టంలో నుంచి బయటకు లాగడానికి వెళ్ళడం సాయం. పని ఒకటే, చెప్పే మాటలూ ఒకటే కావచ్చు, చెప్పినందువల్ల ఆ పిల్లవాడికి ఏమవుతుందన్నదే తేడా. ఈ తేడా కళ్ళద్దాల దగ్గర నేర్చుకుంటే ఇంతకన్నా చాలా పెద్ద ప్రమాదం వచ్చినప్పుడు పనికివస్తుంది. ఇంట్లో గానీ బడిలో గానీ ఎవరో ఒక పిల్లను తాకకూడని చోట తాకి, ఎవరికీ చెప్పవద్దని భయపెట్టినప్పుడు, ఆ సంగతి మొదట స్నేహితురాలికే తెలియవచ్చు. చాడీలు చెప్పడం పాపమని మాత్రమే నేర్చుకున్న పిల్ల అక్కడ కూడా నోరు మూసుకుంటుంది. 2012 నాటి పోక్సో చట్టం అటువంటి నేరం తెలిసిన పెద్దవారు ఫిర్యాదు చేయకపోతే శిక్షిస్తుంది గానీ, పిల్లలకు ఆ శిక్ష వర్తించదని స్పష్టంగా చెప్పింది. పిల్లవాడి మౌనాన్ని చట్టమే నేరంగా చూడదు. ఆపదలో ఉన్న పిల్లల సహాయవాణి 1098 నంబరును మీ అబ్బాయికి చెప్పి ఉంచండి, ఇప్పుడు అవసరం లేకపోయినా.

ఇక్కడ మాత్రం అవతలివైపు కఠినమైన తండ్రి ఉన్నాడు కాబట్టి, వెళ్ళి చెప్పేస్తే సాయమే అవుతుందన్న హామీ లేదు. చెప్పే పద్ధతిని బట్టి అది చాడీ కావచ్చు, సాయమూ కావచ్చు. అందుకే మీరు ముందు మాట్లాడవలసినది ఆ తల్లితో కాదు, మీ అబ్బాయితో. ఒట్టు తీయించుకొనే హక్కు ఆ స్నేహితుడిది. 'నేను మా అమ్మకు చెప్పాను, అమ్మ సాయం చేస్తానంటోంది, చెప్పమంటావా' అని మీ వాడే వెళ్ళి అడగనివ్వండి.

జవాబు: వరంగల్ ఉపాధ్యాయిని మళ్ళీ

కళ్ళ విషయం చదివి మళ్ళీ రాస్తున్నాను. పిల్లల దూరపు చూపు తగ్గడాన్ని తరగతిలో గుర్తించే గుర్తులు కొన్ని ఉన్నాయి: కనుబొమలు ముడిచి చూడడం, బోర్డు చూడవలసినప్పుడు పక్కవాడి నోటుపుస్తకం చూడడం, లెక్క సరిగా చేసి అంకె తప్పు ఎక్కించుకోవడం. వీటిలో రెండవది మాకు కాపీ కొట్టడంలా, మాట్లాడటం అల్లరిలా కనిపిస్తుంది. పొడగరి పిల్లలు వెనక్కు వెళ్ళడం, ఎత్తు ఒక్కసారిగా పెరిగే వయస్సులోనే దూరపు చూపు కూడా మారడం తరచుగా కలిసివస్తాయి.

ఇంట్లో భయం తగ్గించడానికి ఆ తల్లితో చెప్పదగిన మాట ఇది: దీనికి కారణం ఫోను ఒక్కటే కాదు. తల్లిదండ్రులలో ఎవరికైనా దూరపు చూపు తక్కువగా ఉంటే పిల్లలకూ వచ్చే అవకాశం ఎక్కువ, పగటి వెలుతురులో బయట ఆడే సమయం తగ్గినా వస్తుంది. అంటే మీ ఇంటికి వచ్చి వీధిలో ఆడుకోవడం ఆ కళ్ళకు మంచిదే. ఖర్చు వారికి ఇబ్బంది అయితే ప్రభుత్వ ఆసుపత్రి కంటి విభాగంలో పరీక్ష ఉచితం. మీ జిల్లావాళ్ళకు ఇది కొత్త సంగతి కూడా కాదు. 2019 అక్టోబరు 10న కంటి వెలుగు పథకాన్ని అనంతపురంలోనే ప్రారంభించి, మొదట బడి పిల్లలకే పరీక్షలు చేశారు. అద్దాలు పెట్టుకున్న పిల్లలు అప్పుడు ఒక్కో తరగతిలో నలుగురైదుగురు కనిపించేసరికి సోడాబుడ్డి అన్న మాట కొన్నాళ్ళు వినిపించకుండా పోయిందని అక్కడ పనిచేసే మా బంధువొకరు చెప్పారు.

పత్రం ఇలా రాయించండి. 'నాకు వినపడలేదని చెప్పాను, అది అబద్ధం. కొందరి పేర్లు రాసి ఒకరి పేరు రాయలేదు, అది అన్యాయం. నేను రాసినందువల్ల దెబ్బలు తిన్నవారికి తరగతిలో క్షమాపణ చెబుతాను. ఇకమీదట ఎవరి పేరూ రాసే పని నాకు వద్దు.' ఇంతే. నాలుగు వాక్యాలు. చివరి వాక్యం వాడికి ఇష్టమైతేనే. ఆ పత్రంలో మీ వారు సంతకం పెట్టడానికి వెనుకాడవలసిన మాట ఒక్కటీ లేదు, మీ మామగారు అడిగిన నిజాయితీ కూడా అందులో ఉంది.

కళ్ళ సంగతి ఆ పత్రంలో పెట్టకండి. స్నేహితుడు ఒప్పుకొన్న తరువాత వాళ్ళ అమ్మ వెళ్ళి టీచరును ముందు బెంచీ అడగాలి. గోడవైపు చివర కూర్చోబెడితే పొడగరి పిల్లవాడు ముందున్నా వెనుకవారికి అడ్డం రాడు, ఏ టీచరూ కాదనడు.

ప్రిన్సిపాలు గారు ఆ నాలుగు వాక్యాలు చాలవంటే, ఇంకా ఏమేమి రాయాలో బడి ముద్రతో కాగితం మీద రాసి ఇవ్వమని మర్యాదగా అడగండి. పిల్లల చేత రాయించుకోవడానికి తొందరపడేవారు తాము రాసి ఇవ్వవలసి వచ్చేసరికి ఉన్నది చాలులెమ్మనడం నేను చాలాసార్లు చూశాను.